గోడకన్ను

ఆస్పత్రి వంటగదిలో గరిటె తిప్పే ఆమెను వాడంతా వంటక్క అంటుంది. కొండజనం బిడ్డ. చిన్నప్పుడు ఆమెనూ తమ్ముణ్ణీ కొండ దింపి సర్కారు హాస్టల్లో వేశారు. అక్కడ కొండమాట నోట వస్తే బెత్తం, మళ్లీ వస్తే చీకటి గది. నోరు కట్టుకోవడం చేతకాని తమ్ముడి బాల్యం సగం ఆ గదిలోనే గడిచింది. పెద్దయ్యాక పనిమంతుడైన వడ్రంగి అయ్యాడు గానీ ఉలి దించితే సీసా ఎత్తేవాడు. వాడలో చాలామంది మగవాళ్లదీ అదే దారి. తాము తిన్న దెబ్బలు పిల్లలకెందుకని కొండమాట ఎవరూ నేర్పలేదు.

ఒకసారి తాగుడికి బలైన కుర్రాడి శవం మీద పడి వాళ్ల అవ్వ కొండమాటలో ఏడ్చింది. అవ్వ ఏమంటోందని ఆ కుర్రాడి చెల్లెలు అడిగింది. మాట తెలిసిన పెద్దలు కూడా, హాస్టల్ బెత్తం గుర్తొచ్చి, తలలు దించుకున్నారు. అది వంటక్క గుండెలో ముల్లై దిగింది.

పిల్లల చెవిన కొండమాట పడే చోటొకటి కావాలని, మూతబడ్డ ఆ హాస్టల్ తాళం కోసం ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. తాళం వచ్చాక, ఆ పాడుకొంపలో కాలు పెట్టేది లేదన్నారు జనం. ఆమె డ్యూటీ దిగి వెళ్లి బూజు దులిపింది, పొయ్యి రాజేసింది. ముందు ముసలమ్మలు వచ్చారు, ఆకలి వంక పెట్టుకుని. కడుపు నిండాక కొండమాటలో కబుర్లు మొదలయ్యాయి. వాళ్ల వెనకే మనవలు చేరారు.

తమ్ముడు మాత్రం గేటు దాటలేదు. ఒక ఆదివారం పొద్దున పనిముట్ల సంచితో వచ్చి చీకటి గది ముందు నిలబడ్డాడు. నోట వాసన లేదు.

"అక్కా, మన మాటలో కిటికీని ఏమంటారు?"

ఆమె ముసలమ్మల వైపు చూసింది.

"మన గుడిసెలకి కిటికీలెక్కడివిరా! ఆ మాటే లేదు," అంది ఒక అవ్వ.

"లేకపోతే పెట్టుకుందాం," అంది వంటక్క.

తెలుగులో చెప్పాలంటే గాలినోరు అని ఒకామె, గోడకన్ను అని ఇంకొకామె జుట్లు పట్టుకునేదాకా వెళ్లారు. పిల్లలు పడీపడీ నవ్వి, గోడకన్నే బాగుందని తీర్పు చెప్పారు.

తమ్ముడు చీకటి గది గోడ పగలగొట్టాడు. వెలుతురు నేల మీద పడగానే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క వచ్చి పక్కనే కూర్చుంది.

ఆ తర్వాతా అతను తప్పతాగిన రోజులున్నాయి. తేరుకున్నాక తనే పనిలోకి వచ్చేవాడు. అతని వెంట ఒక్కొక్కరే మగవాళ్లు రావడం మొదలైంది. మొన్న వానకు హాస్టల్ కప్పు కారితే, వంటక్క కబురు పెట్టకముందే నిచ్చెనలు భుజాన వేసుకుని దిగారు.

"పని కానిచ్చి అన్నం తిని పోండి," అని ఎసట్లో ఇంకో డబ్బా బియ్యం పోసింది.