వాగు దాటితే ఏముంది?

నిన్న ఆఫీసులో దోస్తులకు కథల ఆట నేర్పబోయాను. ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. ఆట పెట్టెలోని పాచికలు చూడగానే మన అచ్చంపేట గుర్తొచ్చింది. చింతగింజను ఒక పక్క తెల్లబడేదాకా బండకు అరగదీసేవాళ్లం, మీకూ గుర్తుందా? తెల్లగా పడితే దారి దొరికినట్టు, నల్లగా పడితే పులి ఎదురొచ్చినట్టు. కథ నడిపేది మా అక్క. నేను రాజుల కోట పెట్టమంటే కసిరేది.

“చూడని జాగల భయమెట్ల పుడ్తదిరా? కొత్తోళ్లకు మన అడివే పెట్టాలె.”

నిన్న నేనూ ఆ అడవే పెట్టి, దోస్తులను వాగు దాకా నడిపించాను. “వాగు దాటితే ఏముంది?” అని అడిగారు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అక్కకు ఫోన్ చేశాను.

“నాకూ యాది లేదురా. గటు పోక పదేండ్లాయె.”

చివరికి పెట్టెలో వచ్చిన పుస్తకంలోని మంచుకోటే ఆడాం. మాలో ఎవరూ చూడని ఆ కోటలో ప్రతి దారీ గీసి ఉంది.