పోలండ్ నోట్‌లో ఒక తేదీ

నేను బి.ఎ. పాసయ్యాను. అరవై నాలుగేళ్ళ వయసులో, ఫస్ట్ క్లాసులో. మా పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఇదే మొదటి డిగ్రీ. పొద్దున మా కోడలు ఫోన్లో రిజల్టు చూసి చెప్పినప్పటి నుంచి కుదురుగా కూర్చున్నది లేదు. ఎక్కువ మార్కులు ప్రాజెక్టుకి వచ్చాయి. విషయం: పోలండ్ ప్రజల ఆచారాలు, సమాజం, గ్రంథాలయ ఆధారాలతో. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీ మనిషికి పోలండ్ ఏమిటని అందరూ అడుగుతున్నారు. జవాబు నా ఉద్యోగంలో ఉంది.

ప్రేమ్ బజార్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ లైబ్రరీలో నేను అటెండెంటుగా చేశాను. పుస్తకాలు ర్యాకుల్లో సర్దే పని. రిటైరవడానికి ఆరేళ్ళ ముందు, ఒక సెప్టెంబరులో, రిఫరెన్స్ అసిస్టెంటు ఉద్యోగం మానేయడంతో ఆ సీటు తాత్కాలికంగా నాకు అప్పగించారు. ఎవరైనా అడిగిన సమాచారం వెతికి, కాగితం మీద పెట్టి ఇవ్వడం ఆ సీటు పని. నన్ను అక్కడే ఖాయం చెయ్యమని డిప్యూటీ లైబ్రేరియన్ సూర్యనారాయణ గారు రాస్తారని విన్నాను. నాకు ఆ సీటు కావాలని ఉండేది. ఇరవై ఏళ్ళు పుస్తకాలను అట్టల వైపు నుంచే చూశాను.

ఆ నెలలోనే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. ల్యాబ్‌లో కొత్త యంత్రం బిగించడానికి పోలండ్ నుంచి ఇద్దరు ఇంజనీర్లు వస్తున్నారు. వాళ్ళ తిండి, పండగలు, మర్యాదల మీద రెండు పేజీల నోట్ కావాలి. ఇలాంటి నోట్‌లో ప్రతి వాక్యం పక్కన, మార్జిన్‌లో, అది ఏ పుస్తకంలోది, ఏ పేజీ, ఎప్పుడు అచ్చయింది రాయాలి. పోలండ్ మీద మా దగ్గర ఉన్నవి నాలుగే పుస్తకాలు. ఒకదాంట్లో మాంసం దుకాణాల ముందు క్యూల గురించి ఒక అధ్యాయమే ఉంది. అచ్చయిన సంవత్సరం చూస్తే అది పాత కమ్యూనిస్టు రోజుల సంగతి, పక్కన పెట్టాను. క్రిస్మస్ ముందు రోజు భోజనంలో మాంసం ఉండదని, అనుకోకుండా వచ్చేవాళ్ళ కోసం బల్ల దగ్గర ఒక చోటు ఖాళీగా ఉంచుతారని, పూలిస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలని ఆధారాలతో రాశాను. మరో పుస్తకం కలకత్తా లైబ్రరీ నుంచి అరువు తెప్పించమని అడిగాను.

ఒక పుస్తకంలో శ్మశానం ఫొటో ఉంది. సమాధుల నిండా దీపాలు, చలికోట్లు వేసుకున్న జనం. కింద 'నవంబరు' అని మాత్రమే ఉంది. మేము ఆర్.సి., అంటే రోమన్ కాథలిక్ క్రైస్తవులం. నవంబరు రెండున మేమూ సమాధులు కడిగి కొవ్వొత్తులు పెడతాం. అందుకని నోట్‌లో వాళ్ళ సమాధుల పండగ 'నవంబరు 2' అని రాసేశాను, మార్జిన్ నింపకుండానే. సూర్యనారాయణ గారు సంతకం పెట్టారు. నోట్ చూసి ఆఫీసు రెండో తేదీ ఇంజనీర్లకు సెలవు, ఒకటో తేదీ డైరెక్టరు చేతుల మీదుగా యంత్రం ప్రారంభం అని కార్యక్రమం అచ్చు వేయించింది.

అక్టోబరు ఆఖరులో కలకత్తా పుస్తకం వచ్చింది. అందులో స్పష్టంగా ఉంది: దేశమంతా సెలవు నవంబరు ఒకటిన, ఎక్కడెక్కడి వాళ్ళూ తమవాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళేది ఆ రోజే.

ఇంటికొచ్చి మా ఆయన డేనియల్‌కి చెప్పాను. ఆయన అప్పుడు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు.

"ఎవులు సూత్తారే? ఆళ్ళొచ్చింది మిషను బిగించడానికి. ఒక రోజు అటైతే ఏటి, ఇటైతే ఏటి?"

"బోల్టు కన్నం నూలుపోగంత పక్కకైతే మీరు ఊరుకుంటారేటి?"

"సీటు పోద్ది, సూసుకో," అన్నారు గాని ఆపలేదు.

మర్నాడు నోట్, పుస్తకం తీసుకుని సూర్యనారాయణ గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన ఆ వాక్యం దగ్గర ఆగారు.

"మార్జిన్ ఖాళీగా ఉందేటి, మేరీ?"

"మాకు రెండో తారీఖే గదండీ. అలాగే రాసీసినాను."

"మీ ఇంట్లో ఎప్పుడని నిన్నెవులడిగినారు?" కింద తన సంతకం చూసుకుని, "ఖాళీ సూడకుండా సంతకం పెట్టినోణ్ని నేను. నన్నేటనాల?" అన్నారు.

ఇద్దరి పేర్లతో సవరణ చీటీ వెళ్ళింది. ఆఫీసులో హెడ్ క్లర్కు అచ్చయిన కాగితం చూపించి, "ఏక్ దిన్ మే క్యా హోతా హై, దీదీ?" అని, ఒక్క రోజుకి ఏమైపోతుందని విసుక్కున్నాడు. వచ్చినవాళ్ళనే అడగమన్నాను. తేదీ అచ్చయిపోయింది కదా అని తామే ఊరుకున్నామని, మారిస్తే సంతోషమని పెద్ద ఇంజనీరు చెప్పాడట. ఒకటో తేదీ కూడా సెలవిచ్చి, ప్రారంభం మూడో తేదీకి మార్చారు. ఒకటో తేదీ సాయంత్రం ఆయన మా శ్మశానం దారి కనుక్కుని వచ్చి, ఎవరూ తుడవని సమాధులు వెతికి కొవ్వొత్తులు పెట్టి వెళ్ళాడని కాపలాదారు చెప్పాడు.

ఖాయం చెయ్యమని వెళ్ళిన నా పేరు మాత్రం తిరిగొచ్చింది. ఆ పోస్టుకి డిగ్రీ తప్పనిసరి.

"తప్పు నువ్వే పట్టుకొచ్చినావని రాసి మరీ పంపినాను. రూలు ఒప్పుకోలేదు. డిగ్రీ తెచ్చుకో," అన్నారు సూర్యనారాయణ గారు.

రిటైరయ్యేదాకా ర్యాకుల దగ్గరే చేశాను. ఆ తర్వాత ఓపెన్ యూనివర్సిటీలో చేరాను. ప్రాజెక్టు వైవాలో పరీక్షకురాలు 'నవంబరు 1' మీద వేలు పెట్టి, ఇది మీకెలా తెలుసని అడిగింది. మూడు పుస్తకాలు, పేజీలతో సహా చెప్పాను.

ఆ సీటు ఇక నాకు రాదు. నేర్చుకున్నది ఇది: పుస్తకంలో తప్పుంటే ఇంకో పుస్తకం పట్టిస్తుంది. ఇంట్లో చూసి తెలుసుకున్నదాన్ని మనం అనుమానించం, కాబట్టి అందరికీ అంతేనని రాసేస్తాం. రిఫరెన్స్ పనిలో ముందు సరిచూడవలసింది దాన్నే.

ఇంకా ఫోన్ చెయ్యవలసినవాళ్ళు: సూర్యనారాయణ గారు, ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు కనుక వాళ్ళ అమ్మాయికి. పూరీ గేట్‌లో మా వదిన. టాటానగర్‌లో మా అబ్బాయి, డ్యూటీ దిగాక. నాతో చదివి ఒక పేపరు పోయిన మినతీ దీదీ, ఆమెకు మెల్లగా. పన్నెండో తరగతితో చదువు ఆపేసి, ఇప్పుడు వయసైపోయిందంటున్న మా చెల్లెలు రూతు. దానికి అడ్మిషన్ల ఆఖరు తేదీ కూడా చెప్పాలి. ముందు ప్రాస్పెక్టస్ తీసి చూడాలి.