అవిసె పువ్వు వెనక మసక

మొన్న పొద్దున మా మనుమరాలు బాల్కనీ కుండీలోని బంతిపువ్వును ఫోనుతో తీసి, తెర మీద ఒక్కసారి వేలు ఆనించి, వెనకదంతా ఎట్లా మాయమైందో చూడమని నా ముందు పెట్టింది. గోడ, బట్టలు ఆరేసిన తీగ, పక్కింటి కిటికీ అన్నీ మెత్తగా కరిగిపోయి ఉన్నాయి. బాగుందమ్మా అన్నాను గానీ, ఆ మసక కోసం నేనొక చలికాలమంతా పోట్లాడానంటే అది నమ్మదని ఊరుకున్నాను. మన ఈడు వాళ్లయితే నమ్ముతారు, అందుకే మీకు చెప్తున్నాను.

పెళ్లై జహీరాబాద్ వచ్చేనాటికి మా ఆయనకు బొంబాయి రోడ్డు మీద ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో ఫొటోలు, వెనక గదిలో కాపురం, చెరుకు లారీ పోయినప్పుడల్లా షోకేసు అద్దాల గలగల. పెళ్లి ఫొటోలు తీసి వచ్చాక రీలు చివర రెండు మూడు బొమ్మలు మిగిలేవి. రీలు పూర్తయితే తప్ప కడగడానికి పంపలేరు గనుక మా ఆయన గోడ గడియారాన్నో కుర్చీనో తీసి పడేసేవారు. ఆ మిగిలినవి నాకిమ్మని అడిగితే నవ్వి సరేనన్నారు.

మా పుట్టినిల్లు ఝరాసంగం దగ్గర పల్లె. అక్కడ మా అన్న శనగ పక్కన అవిసె గింజల పంట వేసేవాడు. పొద్దున్నే విచ్చుకుని, ఎండ ముదిరేసరికి రేకులు రాల్చేసే ఆ లేత నీలం పువ్వంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. కానీ కెమెరా పట్టుకుని అక్కడికి పోయి తీసిన నా మొదటి ఫొటోలు చూసి నాకే నవ్వొచ్చింది. స్టూడియో ఇల్లాలిని కదా, పువ్వును కూడా పాస్‌పోర్టు ఫొటోకు కూర్చోబెట్టినట్టు నట్టనడుమ నిటారుగా పెట్టాను; గడ్డివాము, ఎరువు కుప్ప, మా వదిన చీర కొంగు అన్నీ దానితో సమానంగా పడి, అసలు పువ్వును వెతుక్కోవలసి వచ్చింది.

లెన్స్ కన్ను పూర్తిగా తెరిస్తే దగ్గరిది నిలిచి దూరపుది చెదిరిపోతుందని మా ఆయనే ఏదో మాటవరసకు చెప్పారు. ఇక నేను వదల్లేదు. మంచుకు తడిసిన నల్లమట్టిలో బోర్లా పడుకుని, ముందున్న పూలను లెన్స్‌కు ఆనించి మసక చేసి, ఒక్క పువ్వును కింది మూలకు జరిపి, మిగతా జాగా అంతా చేనుకే వదిలేశాను. తీరా హైదరాబాదు ల్యాబు నుంచి కవరు వస్తే పెళ్లి ఫొటోలన్నీ ఉన్నాయి, నా పూలు ఒక్కటీ లేవు. మసకగా పడిన బొమ్మను చెడిపోయిందనుకుని ప్రింటు వేయకుండా వదిలేయడం వాళ్ల పద్ధతి. రెండోసారీ అంతే. పైగా మీ చెయ్యి వణుకుతోందా అని అక్కడెవరో అడిగారట, అది మా ఆయనకు బాగా తగిలింది. ఆ చేతి మీద నమ్మకంతోనే కదా జనం పెళ్లిళ్లకు పిలిచేది.

"ఇగ చాలు. పూలు బంద్ జెయ్యి, నా పేరు ఖరాబైతది" అన్నారు.

"ఒక్కసారి నేనే పోయి ప్రింటు ఏపిచ్చుకొస్త. బాగ లేకుంటె మల్ల కెమెరా ముట్ట" అన్నాను. అనైతే అన్నాను గానీ, ఆ కెమెరా తప్ప ఆ ఇంట్లో నాదనుకునేది ఇంకొకటి లేదు.

మర్నాడు నెగటివులు పట్టుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. ఫోకస్ పోయింది, కాగితం దండగ అన్నాడు ల్యాబు అతను. కావాలనే అట్లా తీశానని, వేసేదాకా కదలనని అక్కడే నిలబడ్డాను. చివరకు నా పోరు పడలేక వేశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయన చేతిలో పెట్టాను. మూలన ఒకే ఒక్క పువ్వు, దాని రేకుల మీద సన్నటి గీతలు, మిగతాదంతా నీలం పొగ. ఆయన చాలాసేపు చూశారు. తెల్లారి లేచి చూస్తే షోకేసులో పెళ్లికూతుళ్ల నడుమ నా పువ్వు ఉంది. తర్వాత కొన్నాళ్లకు విప్పని కొత్త రీలొకటి నా చేతికిచ్చి, మొత్తం నీదే అన్నారు.

ఇప్పుడు మా అన్న చేనులో చెరుకే. ల్యాబులు పోయాయి, మా స్టూడియో మూసి చాలా కాలమైంది. నేను మాత్రం ఇప్పటికీ పూలను తీస్తూనే ఉన్నాను, ఎన్ని తీసినా వద్దనే వాళ్లు లేరు. పంపిన నిమిషంలోనే పిల్లలు బాగుందంటారు. వద్దన్నా సరే, చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసే ఆ మనిషే లేరు.