దీవెనకు వచ్చే వాసన

దెయ్యం అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. నేను బడిలో పిల్లలకు సైన్సు చెబుతాను. మా చెల్లెలు సునీత కూతురికి ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టబోయిన పక్కింటావిడను వీధంతా వినేలా కసిరినదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, జరిగింది నాకే కాబట్టి.

పాప పేరు దీవెన. వాళ్ళుండేది బొమ్మనహళ్ళిలో. సునీత గార్మెంట్స్‌లో కుట్టుపని చేస్తుంది. దీవెనకు మూడో ఏటి నుంచే మూర్ఛ. మందులు మార్చారు, మోతాదు పెంచారు, ఒకదానికి ఇంకొకటి జత చేశారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలయ్యేది. పెదాలు చప్పరిస్తూ ఎటో చూస్తూ ఉండిపోయేది. పిలిస్తే పలికేది కాదు. ఒక్కోసారి అలాగే కూలిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకునేది. బడిలో వేస్తే, మా వల్ల కాదని ఇంటికి పంపేశారు.

ఫిట్స్‌కు ముందు దానికి ఒక వాసన వచ్చేది. "పెద్దమ్మా, వాసన" అని నా చెయ్యి పట్టుకునేది. ఏం వాసనే అంటే, సంపెంగ పూల మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టు అనేది. ఎప్పుడడిగినా అదే మాట. అది భయపడేది కాదు. తెలిసినవాళ్ళెవరో వచ్చినట్టు తలుపు వైపు చూసేది. భయమంతా నాదే. ఆ తర్వాత ఏం వస్తుందో తెలుసు కదా.

ఆ వాసన గదిలో ఉండదనీ, మెదడులో ఉన్న ఒక మచ్చే దాన్ని పుట్టిస్తోందనీ డాక్టరు గారు చెప్పారు. ఆ మచ్చ తీసేస్తే ఫిట్స్ ఆగిపోవచ్చు. అయితే అవి అక్కణ్ణుంచే మొదలవుతున్నాయని ముందు తేలాలి. అందుకని దీవెనను ఆసుపత్రిలో చేర్చుకుని, తలంతా వైర్లు అతికించి, మందులు తగ్గించి, కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఫిట్స్ రాగానే మేం మంచం పక్కనున్న బటన్ నొక్కాలి.

వస్తేగా! ఇన్నేళ్ళూ రావద్దని ఏడ్చినవాళ్ళం, ఇప్పుడు రమ్మని కాచుకు కూర్చున్నాం. ఆ గదికి ఎప్పుడూ తెరలు వేసే ఉండేవి. పొద్దెక్కిందో వాలిందో తెలిసేది కాదు. మానిటర్ మీద గీతలు ఆగకుండా పారుతుంటే, వాటిని చూస్తూ నేను మెలకువలో ఉన్నానో నిద్రలో ఉన్నానో నాకే తెలిసేది కాదు. దీవెన మాత్రం వైర్ల జడ వీపు మీద వేసుకుని హాయిగా బొమ్మలు గీసుకునేది.

చివరికి అసలు సంగతి సునీత నోటి నుంచే బయటపడింది. ఆసుపత్రిలో పాపకు ఒక్క ఫిట్ కూడా రాకూడదని వాళ్ళ చర్చిలోని స్త్రీల సమాజమంతా ఉపవాస ప్రార్థన పెట్టుకుందట! నాకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. పాస్టరమ్మ గారికి నేనే ఫోన్ చేశాను.

"అమ్మా, కొన్నాళ్ళు ఆ ప్రార్థన ఆపండి. ఫిట్స్ రాకపోతే ఆపరేషన్ చెయ్యరు."

"అదేం మాటమ్మా! బిడ్డకు జబ్బు రావాలని మొరపెట్టమంటావా?"

"రావాలని అడగొద్దు తల్లీ. ఊరికే ఉంటే చాలు."

ఆవిడ, "సరేలేమ్మా, ప్రభువు చిత్తం అని మాత్రం అడుగుతాం" అంది. ఆ సాయంత్రమే దీవెన బొమ్మ మీంచి తలెత్తి, "పెద్దమ్మా, వాసన" అంది. నేను బటన్ నొక్కాను. ఇదో వింత అని నేననడం లేదు. మందులు తగ్గిస్తే ఫిట్స్ వస్తాయి, అంతే.

వింత ఆపరేషన్ రోజున జరిగింది.

పాపను పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళారు. మా మరిది, అంటే దీవెన నాన్న, కింద మందుల కౌంటర్ దగ్గరున్నాడు. సునీతా నేనూ పైన హాల్లో కూర్చున్నాం. బయట సన్నగా జల్లు పడుతోంది. అద్దాల్లోంచి వచ్చే తెల్లటి వెలుగులో మనుషులు మెల్లగా కదులుతున్నారు. సునీత ఒళ్ళో బైబిలు ఉంది గానీ తెరవలేదు. లేచాక పిల్ల మాట్లాడుతుందా, మమ్మల్ని గుర్తుపడుతుందా, ఈ పాడు జబ్బు ఇకనైనా వదులుతుందా? నాకు ఇంకో ఆలోచన లేదు.

నేను ప్రార్థన చేసే మనిషిని కాను. కానీ చిన్నప్పుడు మాకు జ్వరమొస్తే మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "నీ పీడ నాకు రానీ" అనేది. ఆ మాటే గుర్తొచ్చింది. దీవెన పీడ నాకు రానీ అనుకున్నాను. పెదవి కూడా కదపలేదు. కానీ మనస్ఫూర్తిగా అనుకున్నాను.

అప్పుడు వచ్చింది వాసన. ముందు పూలు, వాటి వెనకే మాడు కంపు. నేనెన్నడూ ఎరగని వాసన, కానీ అదేనని వెంటనే తెలిసిపోయింది. హాల్లో మాటలన్నీ దూరంగా జరిగిపోయినట్టయింది. చిత్రమేమిటంటే నాకు భయం వెయ్యలేదు. తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను.

మా ఎదురుగా హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కొడుకూ లోపలే ఉన్నాడు. ఆయన ఉన్నట్టుండి భార్యతో, "ఏంది మే, యాడో సంపంగి పూలు కాలుస్తాండారా? వాసన వస్తా ఉండాది" అన్నాడు.

"నాకేం రాలేదప్పా" అందామె.

నేను సునీతను చూశాను. దానికీ ఏమీ తెలిసినట్టు లేదు. కాసేపటికి మళ్ళీ ఫినాయిలు వాసనే మిగిలింది. ఆయన కూడా నాలాగే మనసులో ఏమైనా అనుకుంటూ కూర్చున్నాడేమో, నేను అడగలేదు. అడగాల్సింది.

దీవెన మర్నాటికి బాగా తెలివిలోకి వచ్చింది. ముందు సునీత వెళ్ళింది. "అమ్మా, దాహం" అందట. ఆ ఒక్క మాట నాకు చెప్పి, నేల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత నేను వెళ్ళాను. తల నిండా కట్టు, వాచిపోయిన కళ్ళు. నన్ను చూసి, నా చున్నీ కొస పట్టి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పెద్దమ్మా, వాసన నీ దగ్గరికొచ్చిందా?"

అవునని తలూపాను.

"పోనీలే, నువ్వు పెద్దదానివి కదా" అని కళ్ళు మూసుకుంది.

మత్తులో పిల్లలు ఏవేవో అంటారన్నారు డాక్టరు గారు. నిజమే కావచ్చు. అలసిన నా బుర్రే ఆ వాసన పుట్టించిందనుకుందాం. మరి ఆ హిందూపురం ఆయన మాటో? నేను మనసులో అనుకున్నది ఈ పిల్లకెలా తెలిసింది? దీవెనకు ఆ మాటలేవీ గుర్తు లేవు. మాత్రలు ఇంకా వేసుకుంటోంది గానీ, ఫిట్స్ మళ్ళీ రాలేదు. బడికి వెళ్తోంది, వాళ్ళమ్మతో గొడవపడుతోంది.

నేను కూడా పరీక్షలు చేయించుకున్నాను. ఏమీ లేదన్నారు. అయినా మడివాళ మార్కెట్‌లో సంపెంగ పూల బుట్ట కనబడితే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. ఆ వాసన ఏమిటో, ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. మళ్ళీ వస్తే మాత్రం నా దగ్గరికే రానీ.