అవ్వ సంత్రా గింజల డబ్బా

నాలుకకు రుచినీ, ఆ రుచిని మరవని మనసునూ ఇచ్చిన తండ్రికి ముందుగా స్తోత్రం. దాగినదాన్ని తన సమయంలో బయటపెట్టే ఆయన నామానికి మహిమ.

మొన్న కంఠేశ్వర్‌లోని మా ఇంట్లో సంత్రా పండ్లను గింజలతో సహా మిక్సీలో తిప్పి, ఒక గుక్క తాగి, తియ్యగా ఉందనుకుని మిగతాది మూతపెట్టి నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లాను. మధ్యాహ్నం వచ్చి గ్లాసు నోట పెట్టగానే నాలుక ముడుచుకుపోయింది. నలభై ఏళ్ల కిందటి చేదు అది.

మాది బోధన్ దగ్గర చెరకు పల్లె. చలికాలమంతా చెరకు బండ్ల కిర్రుకిర్రు, చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చే చెరకు మడ్డి వాసన, క్రిస్మస్ గరిజెలు వేగే నూనె వాసన, అంగడి నుంచి బాపు తెచ్చే నాగపూర్ సంత్రాల వాసన కలిసిపోయి ఉండేవి. బాపు తల్లి, మా అవ్వ, ఒక్క గింజను కూడా పారెయ్యనిచ్చేది కాదు. జిగురు పోయేదాకా కడిగి, చాటలో ఎండబెట్టి, రేకు డబ్బాలో దాచేది. కడుపులో పురుగులున్న పిల్లలకు దంచి బెల్లంతో పెట్టేది, తేలు కుట్టినచోట నూరి పట్టు వేసేది.

ద్రాక్షలు దొరకని ఆ పల్లెలో మా సంఘం సంత్రా రసంతోనే ప్రభువు బల్ల ఆచరించేది; క్రీస్తు రక్తానికి గుర్తుగా అందరూ ఒకే గిన్నెలోంచి ఆ రసం తాగేవారు. ఆ రసం తీయడం అవ్వ పని. శనివారం నుంచే ఉపవాసముండి, తొనతొనకూ పొర ఒలిచి, గింజ తీసి, చేత్తో పిండేది. ఆమెకు అంతకంటే పెద్ద సంతోషం నేనెరుగను.

ఒక ఆదివారం జ్వరంతో లేవలేక ఆ పని నాకప్పగించింది. నాకు తొమ్మిదేళ్లు. బయట పిల్లలు చిర్రగోనె ఆడుతున్నారు. పొరలు, గింజలు అన్నీ రోట్లో వేసి దంచి, గుడ్డలో వడగట్టి, చక్కెర కలిపాను. అవ్వ చుక్క నాలుక మీద వేసుకుని, "మస్తు తియ్యగున్నది బిడ్డా" అంది.

ఆరాధన మధ్యాహ్నందాకా సాగింది. పిల్లలకు గిన్నె ఇవ్వరు కాబట్టి నేను మొహాలే చూశాను. ఒక్కొక్కటే ముడుచుకుపోయింది. "అవ్వ కాకరకాయ పిండిందా ఏంది?" అని వెనక ఎవరో గొణిగితే ఒక్కరూ నవ్వలేదు. లేఖనాలు బట్టీపట్టిన సంఘం మాది. చేదు నీళ్లంటే, దాచిన పాపం బయటపడాలని అనుమానితురాలికి తాగించే బైబిలు పరీక్షే అందరికీ గుర్తొచ్చింది. గిన్నె అడుగున మిగిలింది వేలితో తీసి నాకి నేనూ నివ్వెరపోయాను.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది.

"గింజలేవి బిడ్డా? ఎండవెడ్త."

"పారేసిన."

అవ్వ గోడ పట్టుకుని రోలు దగ్గరికి వెళ్లి, గుంటలో వేలు రాసి నాకి, నా వైపు చూసింది. నీళ్లు తెచ్చి రోలు కడిగేసింది.

సాయంత్రం ప్రార్థన కూటంలో, జ్వరంతోనే వచ్చిన అవ్వను సంఘ పెద్ద నిలబెట్టి అడిగాడు. "అవ్వా, ఏం దాసినవో సెప్పు. గిన్నె ఉత్తగనే చేదు గాదు."

"తప్పు నా చేతులనే అయింది పెద్దయ్యా. ఇంకెవ్వల్నడుగకుండ్రి."

బల్ల పని ఆమె చేతి నుంచి పోయింది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ మా ప్రార్థన గుడిలో చెప్పుల దగ్గర, చివరి వరుసలో కూర్చుంది. పొద్దున తియ్యగా ఉన్న రసం ఊరికే చేదెక్కదు కదా అని నేనూ నమ్మాను, అవ్వ ఏదో పాపం దాచిందని. కడుపునొప్పికి గింజల పొడి, బెల్లం కలిపి తెస్తే ఉమ్మేసి, "నీ చేతిది నాకొద్దు" అన్నాను. కొంగుకు చెయ్యి తుడుచుకుని, "సరే తియ్యి" అంది.

నిన్న మా బడి రసాయనశాస్త్రం సారును అడిగితే నవ్వాడు. "గింజల్ల నూనెతోని పాటు లిమోనిన్ అని చేదు పదార్థం ఉంటది మేడం. పొరలల్ల ఉన్నది మొదట చేదుండది, రసంల పులుపుకు కొన్ని గంటల్ల చేదైతది. ఇగ గింజల్తోని తిప్పకుండ్రి." ఆ చేదు మందుగా పనికొస్తుందేమోనని ఇంకా పరీక్షిస్తున్నారట.

రోట్లో వేలు రాసి నాకినప్పుడే, గింజలు దంచింది నేనేనని అవ్వకు తెలిసిపోయింది. తెలిసే నిలబడింది.

ఇప్పుడు ఫ్యాక్టరీ మూతబడింది, మడ్డి వాసన లేదు. ఆ డబ్బా ఏ పాత ఇనుములో పోయిందో తెలియదు. క్షమించమని అడగడానికి ఆమె లేదు. చదువుతున్న మీరు ఒక్క క్షణం నాతో తల వంచండి. తండ్రీ, నా తప్పును తనదని ఒప్పుకుని చెప్పుల దగ్గర కూర్చున్న మా అవ్వను నీ బల్ల దగ్గర ముందు వరుసకు పిలువు. ఆమేన్.