తిత్తికీ ఆయాసమే

ముందే చెప్పేస్తున్నాను, నాది గోరంతను కొండంత చేసే నోరు. మా అనకాపల్లి బెల్లం దిమ్మ కూడా నా నోట పడితే బండరాయంత అవుతుంది. కింద రాసిన దాంట్లో సగం తరుగు తీసేసి చదువుకోండి.

కిందటి వానాకాలం మా ఆవిడకి న్యుమోనియా వచ్చి తగ్గింది. పోతూ పోతూ ఆవిడ ఊపిరిలో సగం పట్టుకుపోయింది. పెళ్లయిన నాటి నుంచీ వంటింట్లో పాడుకునే పాట చరణం మధ్యలోనే తెగిపోయేది. ఊపిరి నెమ్మదిగా వదలడం సాధన చెయ్యమన్నాడు డాక్టరు. ఆవిడ సాధన చెయ్యలేదు సరికదా, పాడటమే మానేసింది. ఇంట్లో మిక్సీ తప్ప వేరే సంగీతం లేదు.

అప్పుడు అటక మీది బటన్ అకార్డియన్ దింపాను. ఓడలో పనిచేసే మా బావమరిది ఏ దేశం నుంచో తెచ్చి మా ఇంట్లో పడేసిన పెట్టె అది. లోపల లంగరు కూడా పెట్టి తెచ్చాడేమో అన్నంత బరువు. మధ్యలో మడతల తిత్తి. ఒకే బటన్ మీద తిత్తి లాగితే ఒక స్వరం, నొక్కితే మరో స్వరం. నేను వాయిస్తే ఆవిడ పాడకపోతుందా అని నా ఆశ.

మొదటి రోజు ఒక కొస మా ఊరికి అటున్న కశింకోటకీ, రెండో కొస ఇటున్న మునగపాకకీ తగిలేలా లాగాను. పాటలో రెండో మాటకే గాలి అయిపోయింది. ఇక చేసేది లేక నొక్కితే, ఈనుతున్న గేదె అరుపు! వీధిలో షేర్ ఆటోలన్నీ అంబులెన్స్ అనుకుని దారిచ్చాయి.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఏటండీ, దాని పీక పిసికేత్తన్నారా?"

"వాయిత్తన్నానే."

"మా నాన్న బెల్లం పొయ్యికాడ మిమ్మల్ని కూకోబెడితే పాకమంతా మాడ్సేద్దురు! సెరుకు పిప్పంతా పొయ్యిలో ఒక్కపాలే కుక్కేత్తారేటి? గుప్పెడు గుప్పెడు ఎయ్యాలి. మంట పెరగకూడదు, ఆరకూడదు."

చెరకు రైతు కూతురు కదా, ఎదురుగా కూర్చుని, లేని పొయ్యిలో లేని పిప్పి వేస్తూ చేత్తో చూపించింది. ఆ చేతిని బట్టి నేను తిత్తి లాగాను. స్వరం సన్నగా, తెగకుండా సాగింది. చెయ్యి కదిలినంతసేపూ ఆవిడ ఊపిరీ నెమ్మదిగా బయటికి వస్తోంది. నేను గమనించాను, తిత్తి లాగుతూనే ఉన్నాను. చెప్తే మానేస్తుంది.

"ఈ పక్కనున్న మీట ఏటి?"

"గాలి మీట. అది నొక్కితే సప్పుడు లేకుండా ఊపిరి తీసుకుంటాది."

"అయితే దీనికీ ఆయాసమేనన్నమాట," అంది, జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వుతూ.

ఆ మీట నొక్కిన చోటల్లా ఆవిడా ఊపిరి తీసుకునేది. కొన్నాళ్లకి ఒక సాయంత్రం, అడక్కుండానే పాట ఎత్తుకుంది. చరణం చివరి దీర్ఘం దాకా ఒక్క ఊపిరిలో పాడేసింది. వీధిలో పోతున్న పరవాడ కంపెనీ బస్సులు ఆగి విన్నాయి.

బస్సుల సంగతి మీరే కొట్టేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది మాత్రం దాని ముందు వాక్యం. ఆవిడ చరణం పూర్తి చెయ్యలేదు. ఇంకా రెండు మాటలుండగానే ఊపిరి చాల్లేదు. నేను స్వరం సన్నగా పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూశాను. గుండె మీద చెయ్యి వేసుకుని, రెండో చెయ్యి నా వైపు ఊపింది.

"ఆపకండి, వత్తన్నాను."