నోట్లో యాలక్కాయ

కోరుట్లలో నన్ను ఎరిగినవాళ్లలో కొందరికి నేను ఇప్పటికీ నిరాహార దీక్షలో యాలక్కాయ నమిలిన టీచర్నే. రాష్ట్రం వచ్చింది, ఆ టెంటు వేసిన జాగాలో దుకాణాలు లేచాయి, నాతో పనిచేసినవాళ్లు సగం మంది రిటైరయ్యారు. నా యాలక్కాయ మాత్రం ఎక్కడికీ పోలేదు. మొన్న ఒక పెళ్లిలో విస్తరి ముందు కూర్చుంటే, ఎదురు వరుసలోంచి ఒకాయన సోంపు పళ్లెం నా వైపు జరిపి కన్ను గీటాడు. ఆయనకు అప్పుడే జవాబు చెప్పాల్సింది. చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు నా నోట్లో యాలక్కాయ లేదు. జగిత్యాల పళ్ల డాక్టరమ్మ చేసి ఇచ్చిన సెట్టు ఉంది.

నాకు గురక ఉంది. మగవాడు గురక పెడితే ఇంటికి పెద్దదిక్కు ఉన్నట్టు లెక్క. ఆడది పెడితే ఇంటిల్లిపాదికీ అదొక వినోదం. మల్యాలలో మా అమ్మ మాత్రం దాన్ని అదృష్టం అనుకునేది. నా బిడ్డకు పండుకుంటే సోయే ఉండదని ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పేది. ఆ సోయి లేని నిద్రలోంచి నేను రోజూ తల పగిలిపోయే నొప్పితో లేచేదాన్ని. శొంఠి అరగదీసి పట్టు వేసుకోవడం, తల చుట్టూ గుడ్డ బిగించి కట్టుకోవడం, గోళీ మింగి బడికి పోవడం, ఇదీ నా పొద్దు. మధ్యాహ్నానికి నొప్పి తగ్గి నిద్ర ముంచుకొచ్చేది. బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ చాక్‌పీస్ పట్టుకునే తూగిన రోజులున్నాయి.

పెళ్లయిన కొత్తలో అత్తగారింటి వాళ్లంతా కోడె మొక్కు చెల్లించడానికి వేములవాడ గుడికి పోయాం. లాడ్జిలో ఆడవాళ్లందరికీ కలిపి ఒక పెద్ద హాలు ఇచ్చారు. వరుసగా చాపలు పరుచుకుని, పిల్లల్ని మధ్యలో వేసుకుని పడుకున్నాం. తెల్లవారి నేను కళ్లు తెరిచేసరికి అంత పెద్ద హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నా చాప చుట్టూ నేలంతా ఖాళీ. అందరూ చాపలు ఎత్తుకుని బయట వరండాలోకి పోయి, మెట్ల దాకా ఇరుక్కుని పడుకున్నారు. మా ఆడబిడ్డ చాయ్ గ్లాసు ఇస్తూ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. ఆ తర్వాత నేను ఏ పెళ్లికి పోయినా ఎవరింట్లోనూ పడుకోలేదు. ఎంత పొద్దుపోయినా బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేదాన్ని.

మా ఆయన సిరిసిల్లలో మరమగ్గాల సాంచాలు నడిచే ఒక కార్ఖానాలో లెక్కలు చూసేవాడు. మొదట్లో రోజూ వచ్చిపోయేవాడు. తర్వాత అక్కడే ఒక గది తీసుకుని శనివారం శనివారం రావడం మొదలుపెట్టాడు. వచ్చినా పడక ముందు గదిలోనే. ఒకసారి మా తమ్ముడు అడిగితే, సాంచాల చప్పుడులోనైనా కన్ను మూతపడుతుంది గానీ మీ అక్క పక్కన పట్టదని నా ముందే చెప్పి నవ్వాడు. పదుల కొద్దీ మగ్గాలు ఒక్కసారి కొట్టుకునే చోటు అది. పక్కన నిలబడ్డ మనిషితో అరిచి మాట్లాడాలి. నేనూ నవ్వాను. లోపల మాత్రం చచ్చిపోయాను.

పై దవడలో పన్ను సలుపుతోందని జగిత్యాల పోయినప్పుడు ఆ డాక్టరమ్మ నా పళ్లన్నీ వేలితో తడిమి చూసింది. పళ్లు అరిగి చదునైపోయాయట. నిద్రలో కొరుకుతున్నానంది. “పొద్దున లేవంగనే తల నొస్తదా మేడం?” అని అడిగింది. అవునన్నాను. గురక ఉంటుందా అని అడిగితే లేదన్నాను. ఆమె నా ముఖం చూసి చేతులు కడుక్కుంది. నేను చెప్పుల దాకా పోయి, మళ్లీ లోపలికి వచ్చి, ఉందన్నాను.

కరీంనగర్‌లో ఒంటి నిండా తీగలు అతికించి పరీక్ష చేశారు. నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వస్తోందని తేలింది. నా సోయి లేని నిద్ర అసలు నిద్రే కాదు, తెల్లవార్లూ గాలి కోసం పెనుగులాట. ఆ మాట విన్నప్పుడు భయం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇన్నేళ్లు నవ్వినవాళ్లు ఊపిరాడని మనిషిని చూసి నవ్వారన్నమాట.

ముక్కుకు మాస్కు తగిలించే మిషను ఒకటి ఉందన్నారు. దాన్ని చూస్తేనే నాకు ఊపిరాడలేదు. నా జబ్బు మరీ ముదరలేదు కాబట్టి నోటి సెట్టుతో ప్రయత్నిద్దామని డాక్టరమ్మ అంది. చల్లటి ముద్ద నోటినిండా నింపి పళ్ల అచ్చు తీసింది. అది గట్టిపడేదాకా కుర్చీ చేతులు పట్టుకుని, కక్కు ఆపుకుంటూ, కళ్ల నీళ్లతో కూర్చున్నాను. కొన్నాళ్లకు సెట్టు వచ్చింది. పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటి, రెంటికీ పక్కన బందులు. పెట్టుకుంటే కింది దవడ ముందుకు వచ్చి అక్కడే ఆగిపోతుంది, గొంతులో గాలికి దారి ఉంటుంది. అద్దంలో చూసుకుంటే అలిగి మూతి ముడుచుకున్న పిల్లలా ఉన్నాను. పొద్దున తీశాక చాలాసేపు పళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చునేవి కావు.

అలవాటు కావడానికి రోజులు పట్టింది. ఒక పొద్దున లేచి మంచం అంచున కూర్చున్నాను. తల నొప్పి లేదు. నీళ్ల బిందె దించినట్టు మెడ తేలిగ్గా ఉంది. కదిలితే మళ్లీ వస్తుందేమోనని అట్లాగే కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఆ శనివారం మా ఆయన ముందు గదిలోంచి పరుపు మోసుకొచ్చి నా గదిలో వేసుకున్నాడు. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండాలని నేను అడిగాను. అడగాల్సిన పని లేదన్నట్టు తలూపాడు.

తెలంగాణ కోసం సమ్మె వచ్చింది ఆ తర్వాతే. బస్సులు డిపోల్లో ఆగిపోయాయి, బళ్లకు తాళాలు పడ్డాయి. రోడ్డు మీదే వంటలు, రోడ్డు మీదే బతుకమ్మలు. టెంటు కింద రోజుకొక శాఖ రిలే దీక్షకు కూర్చునేది. టీచర్ల వంతు రాగానే అడగకుండానే నా పేరు ఇచ్చాను. తెలంగాణ కావాలని నాకూ ఉండింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరి నడిమధ్య, దండ వేసుకుని, పరుపు మీద కూర్చోవాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. రాత్రుళ్లు బాగున్నా, పగటి నిద్ర నన్ను ఇంకా పూర్తిగా వదల్లేదు. మధ్యాహ్నం, అదీ చాయ్ లేకుండా, నేను తూగడం ఖాయం. తూగితే గురక ఖాయం. ఈసారి వినేది ఊరు ఊరంతా.

అందుకే సెట్టును స్టీలు డబ్బాలో పెట్టి బ్యాగులో వేసుకున్నాను. ఎండ టెంటు గుడ్డలోంచి దిగేవేళకు కళ్లు మూతలు పడసాగాయి. వెనక వరుసలో కొందరు ఒక్కొక్కరే లేచి టెంటు వెనకాల చాయ్ తాగి, మూతి తుడుచుకుని వచ్చి కూర్చుంటున్నారు. నేను కొంగు అడ్డం పెట్టుకుని సెట్టు నోట్లోకి తోశాను. ఇక నీళ్లు తాగడానికి కూడా లేదు. ఆ రోజు ఆ టెంటు కింద అందరికంటే కఠినంగా ఉపవాసం ఉన్నది నేనే.

సెట్టు పెట్టుకుంటే నోట్లో ఊరుతూనే ఉంటుంది, మింగుతూ ఉండాలి. మాట ముద్దముద్దగా వస్తుంది. అందరూ జై తెలంగాణ అంటే నేను పిడికిలి మాత్రం ఎత్తాను. అంతలో మైకు వరుసలో చేతులు మారుతూ రావడం మొదలైంది. ఒక్కొక్కరు ఒక్కో నినాదం ఇవ్వాలి. నా వంతు వచ్చింది. దండం పెట్టి మైకు పక్కకు ఇచ్చాను. మా సంఘం పెద్ద ఒకాయన, మేడానికి తెలంగాణ వద్దా ఏందని హాస్యమాడాడు. జనం నవ్వారు. మళ్లీ మైకు నా చేతిలో పెట్టారు. అప్పుడు నా పక్కన కూర్చున్న టీచరు, నన్ను అక్కా అని ప్రేమగా పిలిచే మనిషే, నా ముఖంలోకి వంగి చూసింది.

“అక్క నోట్లె ఏందో ఉన్నది,” అంది. చెడు ఉద్దేశమేమీ లేదు. మైకు మా ఇద్దరి మధ్యే ఉందని మరిచిపోయింది.

టెంటంతా నా నోటి వైపు చూసింది. రోడ్డు మీద సైకిల్ ఆపి నిలబడ్డవాళ్లు కూడా చూశారు. తెరిచి చూపిస్తే అయిపోయేది. కానీ నాకు వేములవాడ హాలు కనబడింది, నా చాప చుట్టూ ఖాళీ నేల కనబడింది. దవడ ముందుకు బిగిసిపోయి ఉంది, పెదాలు వాటంతట అవే ఇంకా గట్టిగా మూసుకున్నాయి.

ఆమెకు నా మీద జాలి కలిగినట్టుంది. ఈసారి నెమ్మదిగా, “యాలక్కాయనా అక్కా?” అని అడిగింది.

నేను తలూపాను.

అంతే. ఎవరూ తిట్టలేదు, నవ్వారు. సాయంత్రం దీక్ష విరమింపజేసేటప్పుడు నిమ్మరసం గ్లాసులు పంచుతూ సంఘం పెద్ద, “మేడానికి ఆఖరుకు ఇయ్యుండ్రి, ఆమెకు ఆకలి లేదు,” అన్నాడు. నేను అప్పటికే కొంగు చాటున సెట్టు తీసి గుప్పిట్లో దాచుకున్నాను. మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్లు తాగలేదు. గ్లాసు కోసం చివరిదాకా ఎదురుచూశాను.

ఆ రోజు శనివారం, అప్పుడే మా ఆయన సిరిసిల్ల నుంచి మోటర్ సైకిల్ మీద వచ్చి టెంటు అంచున నిలబడ్డాడు. సంఘం పెద్ద ఆయన భుజం మీద చెయ్యేసి యాలక్కాయ కథ మొత్తం చెప్పాడు. మా ఆయన నా మూసిన గుప్పిటను చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ ఒక్క క్షణం నేను ఆయన నోటి వైపే చూస్తూ ఉండిపోయాను. నేను అనలేని మాట ఆయన అంటాడని ఎందుకో అనిపించింది. మా ఆమెకు ఊపిరాడని జబ్బు ఉన్నది, అది యాలక్కాయ కాదు అని అంటే చాలు.

“ఆమెకు చిన్నప్పటి సంది అలవాటే సార్,” అన్నాడు. “యాలక్కాయ లేకుంటె ఉండలేదు.”

అందరితో పాటు ఆయనా నవ్వాడు.

బండి మీద ఇంటికి పోతుంటే, “మంచిగ తప్పించుకున్నవ్,” అన్నాడు. “గా గురక ముచ్చట చెప్తె అందరు నవ్వుదురు.”

“ఇప్పుడు నవ్వలేదా?” అన్నాను. ఆయన బండి వేగం పెంచాడు. ఉపవాసం ఉండి దొంగ అనిపించుకున్న భార్య ఆయనకు పర్వాలేదు. గురక పెట్టే భార్య మాత్రం నలుగురిలో వద్దు. నాకూ పగలు అట్లాగే అనిపించింది కదా అని గుర్తొచ్చి ఇంకా కోపం వచ్చింది.

ఆ రాత్రి సెట్టు పెట్టుకోలేదు. కడిగి, డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఆయన పక్కన పడుకున్నాను.

తెల్లవారి లేచేసరికి గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన పరుపు లేదు. కణతల్లో పాత నొప్పి వచ్చి కూర్చుంది, కన్ను తెరవనివ్వడం లేదు. కాసేపటికి ఆయన డాబా మీంచి పరుపు చుట్టుకుని దిగి వచ్చాడు. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. గడపలో నిలబడి, “రాత్రి అది ఎందుకు పెట్టుకోలే?” అని అడిగాడు.

“యాలక్కాయ అయిపోయింది,” అన్నాను.

ఆయన నవ్వలేదు. పరుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, లోపలికి రావాలో ముందు గదిలోకి పోవాలో తెలియనట్టు. నేను తలకు గుడ్డ కట్టుకుని చాయ్ పెట్టడానికి లేచాను.